లంగరు మోకుకు సడలింపు

మా సంస్థ అసలు పేరు తేలే గాలిమరల సంస్థ. బోర్డు రాసిన పెయింటరు 'తేలే' అన్నచోట 'తేలు' అని రాసి, పక్కన కాస్త ఖాళీ మిగిలిందని ఒక తేలు బొమ్మ కూడా వేసేశాడు. మర్నాడే ప్రారంభోత్సవం కావడంతో దిద్దించడానికి వ్యవధి లేకపోయింది. ఎం.డి. గారు రిబ్బను కత్తిరించి, బోర్డు వంక కాసేపు చూసి, బొమ్మలో చురుకుదనం ఉందన్నారు. ఆ మాటతో అది సంస్థ చిహ్నమైపోయింది. కొత్తరేవులో ఆటోవాళ్ళకి మేమందరం తేలాఫీసు వాళ్ళం.

మా పని సముద్రంలో గాలిమరలు నిలబెట్టి కరెంటు తీయడం. ఒడ్డుకు దగ్గరైతే అడుగున స్తంభం పాతెయ్యొచ్చు. లోతుకు పోయాక అది కుదరదు. అక్కడ పెద్ద ఉక్కు తెప్ప మీద మరను నిలబెట్టి, సముద్రం అడుగున లంగర్లు వేసి, తెప్ప కొట్టుకుపోకుండా మోకులతో కట్టాలి. ఆ మోకులు ఎంత పొడవుండాలి, తుఫాను వస్తే ఎంత లాగుడు తట్టుకుంటాయి అన్నది ముందుగా కంప్యూటర్లో కట్టి చూసుకుంటారు. కంప్యూటర్లోనే ఒక సముద్రం ఉంటుంది, గాలి ఉంటుంది, మర ఉంటుంది. మోకును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క బరువూ, దాని మీద పడే లాగుడూ క్షణక్షణం లెక్కగడతారు. ఈ పని చేసే ఇంజనీరు గేదెల ఝాన్సీ. నేను పాలనా విభాగం సూపరింటెండెంటుని. మోకులతో నాకేం పని అని మీరు అడగొచ్చు. ఆ మోకులతో కట్టబోయే మొదటి మర మీద కాపురం ఉండబోయే నలుగురు ఆపరేటర్లలో మా అక్క మొగుడు ఎల్లాజీ ఒకడు.

అలా ఉండగా మా ఎం.డి. గారికి ఎక్కడో సభలో శాలువా కప్పి భాషాభిమాని అని బిరుదిచ్చారు. ఆయన శాలువాతోనే ఆఫీసుకు వచ్చి సర్క్యులరు ఇచ్చారు. 'ఇకపై సంస్థకు చెందిన ఏ దస్త్రమునందైనను ఆంగ్ల పదము కానవచ్చినచో సదరు దస్త్రము పరిశీలనకు నోచుకొనదు. ఉద్యోగులందరికీ తెలుగు పదపరిజ్ఞాన పరీక్ష నిర్వహించబడును.' నాకు తెలుగంటే ఇష్టమే. ఇంట్లో మాట్లాడేదీ, కోపమొస్తే తిట్టేదీ అందులోనే. కానీ ఈ సర్క్యులరులోని తెలుగు మాత్రం ఎవరింట్లో మాట్లాడతారో నాకు ఈనాటికీ తెలియదు.

ఝాన్సీ కష్టపడి మోకుల రిపోర్టంతా తెలుగులో రాసింది. చివరి వాక్యం ఇది: 'అలల మీద తెప్ప లేచినప్పుడు మోకు తెగకుండా ఉండాలంటే ప్రతి మోకుకూ పన్నెండు మీటర్ల సడలింపు ఇవ్వాలి.'

ఫైలు నియమావళి విభాగానికి వెళ్ళింది. ఆ విభాగానికి జాయింట్ డైరెక్టరు భుజంగరావు గారు. మనిషి మంచివాడే. ఆఫీసు పెన్ను ఇంటికి తీసుకెళ్ళడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఎదురుగా ఉన్న కాగితానికి ఒక అభ్యంతరం రాస్తేనే గాని ఆయనకు భోజనం సయించదు, అంతే. ఆయన రాసిన నోటు ఇలా ఉంది: 'ప్రతిపాదన కూలంకషంగా పరిశీలించడమైనది. సడలింపు మంజూరు చేయు అధికారము సంస్థకు దఖలు పడి ఉండలేదు. అది ప్రభుత్వము వారికి మాత్రమే కలదు. అదియును గాక, సదరు మోకు ఏ వర్గము కింద సడలింపునకు అర్హత పొందునో పేర్కొనబడలేదు. తిప్పి పంపడమైనది.'

ఝాన్సీ ఫైలు పట్టుకుని నా గదికి వచ్చింది.

"పాత్రుడు గారూ, మోకుకి వర్గం ఏంటండీ?"

"సడలింపు అడిగావు కదమ్మా. వయసులో సడలింపా, చదువులో సడలింపా అని ఆయన సందేహం."

"తాడు వదులుగా ఉండాలి అని రాశానండీ నేను."

"అయితే ఆ ముక్కే రాయి."

'పన్నెండు మీటర్లు వదులు' అని రాసింది. ఈసారి ఫైలు ఆస్తుల విభాగానికి మళ్ళింది. సంస్థ ఆస్తిని వదులుకునే ప్రతిపాదన కాబట్టి బహిరంగ వేలం వెయ్యాలన్నారు వాళ్ళు. ప్రతి మోకు నుంచీ పన్నెండేసి మీటర్లు ఎవరికి కావాలో చెప్పమని ఒక ప్రకటన ముసాయిదా కూడా తయారుచేశారు. ఝాన్సీ ఆ మాట కొట్టేసి 'మోకు కొంత వేలాడాలి' అని రాసింది. వేలాడుతున్న అంశాలన్నిటినీ నెలాఖరులోగా పరిష్కరించాలని మాకు పాత ఆదేశం ఒకటుంది. దాని ప్రకారం ఒకటో తారీఖు తర్వాత ఏ మోకూ వేలాడరాదని తిరుగుటపాలో జవాబొచ్చింది. ఆ అమ్మాయి ఆఖరికి 'మోకు వంగి ఉండాలి' అని రాస్తే, ఎం.డి. గారు స్వయంగా కలుగజేసుకుని, మన సంస్థ ఎవరి ముందూ వంగదని అంచులో రాశారు.

ఇలా లాభం లేదని మీటింగు పెట్టారు. మినిట్స్ రాయడానికి నన్ను పిలిచారు.

ఝాన్సీ కంప్యూటరు తెర మీద చూపించింది. మోకు బిగుతుగా గీతలా ఉంది. తెప్ప కింద నుంచి అల లేచింది. ఆకుపచ్చగా ఉన్న మోకు పసుపెక్కి, ఎర్రబడి, పుటుక్కున తెగింది. పక్క మోకు మీద భారం పడి అదీ తెగింది. మర ఒక పక్కకు ఒరిగి తెరలోంచి వెళ్ళిపోయింది. నేను బావ గురించి ఆలోచిస్తూ రాయడం ఆపేశాను.

"ఎందుకు తెగింది?" అన్నారు ఎం.డి. గారు.

"సడలింపు లేదు కదండీ. ఆరు మీటర్ల అల వచ్చింది. వాయుగుండం పడితే మన దగ్గర అలాంటివి మామూలే సార్."

భుజంగరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, అల ఎత్తు ఇంతే ఉండాలని ఎక్కడైనా నిబంధన ఉందా?"

"లేదండీ. సముద్రం కదా."

"నిబంధన లేనప్పుడు దాన్ని తగ్గించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మోకు జోలికి వెళ్ళాలంటే ప్రభుత్వం దాకా పోవాలి. అల అయితే మన స్థాయిలోనే తేలిపోతుంది."

"సార్, అది సముద్రమండీ."

"నేను మాట్లాడేది కంప్యూటరు లోపలి సముద్రం గురించి. అది సంస్థ ఆస్తి."

ఆ మాటకు తిరుగులేదు, కంప్యూటరు నిజంగానే సంస్థ ఆస్తి. దాని అడుగున తెల్లరంగుతో తేలు ముద్ర కూడా ఉంది. అలను మూడు మీటర్లకు తగ్గించారు. మోకు ఎర్రబడింది. మీటరుకు తగ్గించారు. పసుపు దగ్గర ఆగింది.

"భద్రత విషయంలో నేను రాజీ పడను. ఇంకా తగ్గించండి," అన్నారు ఎం.డి. గారు.

చివరికి జానెడు అల దగ్గర మోకు నిండు ఆకుపచ్చగా కనబడింది. అందరూ బల్లలు చరిచారు. అల ఎత్తు జానెడుగా ఆమోదించడమైనదని నేను మినిట్స్‌లో రాశాను.

ఝాన్సీ ఊరుకోలేదు. ఇది డేంజర్ అని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టింది. అందులో డేంజర్ అన్న ఆంగ్ల పదం ఉన్నందువల్ల పరిశీలించలేకపోయారు. మళ్ళీ 'ప్రమాదం' అని రాసి పెడితే ప్రమాదాల విభాగానికి పంపారు. 'ప్రమాదం జరిగిన పిమ్మట, తేదీ సమయము వివరములతో సమర్పించగలరు' అని అక్కణ్ణుంచి జవాబు.

ఫైలు మీద ఒకటీ, ఎదురుగా ఒకటీ రెండు రకాల అలలు ఉండటం పరిపాలనకు మంచిది కాదు గనక, రేవు పక్కన బోర్డు పాతించారు. 'ఈ ప్రాంతమున అలల ఆమోదిత ఎత్తు జానెడు. అంతకు మించిన అలలు అనధికారమైనవి. వాటి వలన కలుగు నష్టమునకు సంస్థ బాధ్యత వహించదు.' పడవలవాళ్ళు దాన్ని చదివారో లేదో గానీ, దాని గుంజకు ఒక కొస కట్టి వలలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు.

అట్లతద్ది వెళ్ళాక ఒక మంచిరోజు చూసి మరను లోపలికి లాక్కెళ్ళి, మోకులు బిగదీసి కట్టారు. బిగుతు చూసి ఎం.డి. గారు ముచ్చటపడ్డారు. వీణ తీగలా ఉందన్నారు. నలుగురు ఆపరేటర్లూ సామాను సర్దుకుని తెప్ప మీది గదిలోకి మారారు. ట్రయలు రన్ పూర్తయ్యేదాకా వాళ్ళ తిండీ నిద్రా అక్కడే.

మా అక్క రోజూ ఫోను చేసేది. "ఒరే తమ్ముడూ, ఆ తాడు గట్టిదేనేటిరా?"

"గట్టిదే అక్కా. చాలా గట్టిగా కట్టారు." నేను అబద్ధం చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. మర్నాటికి వాయుగుండమైంది. రేవులో మూడో నంబరు హెచ్చరిక జెండా ఎగరేశారు. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఝాన్సీ నా గదికి వచ్చి తలుపు వేసింది.

"రేపు రాత్రికి ఐదారు మీటర్ల అలలు వస్తాయండీ. మోకు తెగుతుంది. ఇప్పుడే పడవ పంపి వాళ్ళని దింపించాలి. ఎం.డి. గారిని అడిగితే కుదరదన్నారు."

"ఏం?"

"అలలు పెద్దవని దింపితే, అలలు పెద్దవని మనమే ఒప్పుకున్నట్టట. ఆమోదించిన ఎత్తుకి విలువేముంటుందీ అన్నారు."

నేను కూడా వెళ్ళి అడిగాను. భుజంగరావు గారు అక్కడే ఉన్నారు. సిబ్బందిని వెనక్కి పిలిపించాలంటే ఆదేశంలో కారణం రాయాలనీ, ఆమోదిత అలను ధిక్కరించే ఏ కారణమూ చెల్లదనీ శాంతంగా చెప్పారు. ఆయన గొంతులో ద్వేషం లేదు, కంగారు లేదు. బయటికొచ్చాక నాకు భయం వేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నవ్వుకుని వదిలేసిన కాగితాలన్నీ ఒక ఎత్తు, ఈ కాగితం ఒక ఎత్తు. దీని అవతలి కొసన మా బావ ఉన్నాడు. ఆయన వెనక మా అక్క ఉంది, ఇద్దరు పిల్లలున్నారు.

కుర్చీలో కూలబడి ఆలోచించాను. అలల కారణంగా మనిషిని దింపే అధికారం ఈ సంస్థలో ఎవరికీ లేదు. మరి ఏ కారణంగా ఉంది? అప్పుడు తట్టింది. తెలుగు పదపరిజ్ఞాన పరీక్షకు తేదీ నిర్ణయించే బాధ్యత పాలనా విభాగానిది. ప్రశ్నపత్రం భుజంగరావు గారు ఎప్పుడో తయారుచేసి సీలు వేసి ఇచ్చారు. వెంటనే ఉత్తర్వు కొట్టించాను. 'ఉద్యోగులందరూ రేపు ఉదయం పది గంటలకు ప్రధాన కార్యాలయమున పరీక్షకు స్వయముగా హాజరు కావలెను. గైర్హాజరు భాషాద్రోహముగా పరిగణించబడును.' భాషాద్రోహం అన్న మాట నియమావళిలో లేదు. అయినా ఎం.డి. గారికి అది ఎంత నచ్చిందంటే, తెప్ప మీది నలుగురి కోసం ఆ సాయంత్రమే పెద్ద పడవ పంపమని ఆయనే ఫోను చేశారు. సముద్రం బాగోలేదని పడవవాళ్ళు అంటే, తెలుగు కన్నా సముద్రం ఎక్కువా అని అడిగారట.

మర్నాడు పరీక్ష హాల్లో మా బావ తడిసిన బట్టలతో, కళ్ళు ఎర్రగా చేసుకుని కూచున్నాడు. దారంతా వాంతులే.

"ఏటి బావా, దీనికోసమా మమ్మల్ని రప్పించీసినారు?"

"రాయి బావా. నీకేం తోస్తే అది రాయి."

ఆ రాత్రి గాలి ఊరంతా ఊడ్చేసింది. తెల్లారి చూస్తే మర ఉన్నచోట సముద్రం మాత్రమే ఉంది. మోకులు ఒకదాని తర్వాత ఒకటి, ఝాన్సీ తెర మీద తెగిన వరుసలోనే తెగిపోయాయి. తెప్ప ఉత్తరంగా కొట్టుకుపోయి ఇసుక మేట మీద బోర్లా పడింది. ఆపరేటర్లు పడుకునే గది నీళ్ళ కింద ఉంది. మా అక్క టీవీలో ఆ బొమ్మ చూసి, పక్కన కూచుని పకోడీ తింటున్న మొగుడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు భుజంగరావు గారే. నివేదిక వారంలో వచ్చింది. వచ్చినవి అనధికార అలలు కనుక మోకులను తప్పుపట్టరాదు. మోకులకు సడలింపు ఇవ్వలేదు కనుక నియమోల్లంఘన కూడా జరగలేదు. మరి లోపం ఎక్కడ? సంఘం పరీక్ష పేపర్లు తెప్పించుకుని చూసింది. 'సడలింపు అనగా నేమి?' అన్న ప్రశ్నకు మా బావ 'తాడు తెగిపోకుండా వదిలిపెట్టే కొంచెం ఎక్కువ తాడు' అని రాశాడు. మిగతా ముగ్గురూ ఇంచుమించు అదే రాశారు. సరైన జవాబు 'నిబంధనల నుండి ప్రభుత్వము వారు దయతో ఇచ్చు మినహాయింపు'. నలుగురూ తప్పారు. ఆపాటి భాషాజ్ఞానం లేనివారిని మర మీద ఉంచడమే అనర్థానికి మూలమని తేల్చి, రెండో మర మీదికి పరీక్షలో అత్యధిక మార్కులు వచ్చినవారినే పంపాలని సంఘం సిఫార్సు చేసింది. ఎం.డి. గారు ఎర్ర సిరాతో సంతకం పెట్టారు.

అమలు చేయడం నా పని. నేను మార్కుల జాబితా తీశాను. నూటికి నూరు వచ్చినవారు ఒక్కరే. ప్రశ్నపత్రం తయారుచేసి, అందరికీ ఆదర్శంగా ఉండాలని తాను కూడా పరీక్ష రాసిన భుజంగరావు గారు. తర్వాతి ముగ్గురూ ఆయన విభాగం వాళ్ళే. ఆర్డర్లు టైపు చేయించి వాళ్ళ బల్లల మీద పెట్టించాను.

భుజంగరావు గారు ఆ కాగితాన్ని చాలాసేపు చదివారు. అభ్యంతరం రాయడానికి పెన్ను తీశారు గానీ, ఎంత వెతికినా అందులో ఆయనకు ఒక్క తప్పూ దొరకలేదు. సిఫార్సు ఆయనదే, వాక్యం కూడా ఆయనదే. ఎం.డి. గారి దగ్గరికి వెళితే, ఆయన లేచి వచ్చి తన శాలువా తీసి ఈయనకు కప్పి పంపారు.

మధ్యాహ్నం ఝాన్సీ గదిలో ఏదో మాట వినబడితే వెళ్ళాను. భుజంగరావు గారు కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూచుని ఉన్నారు. ఉద్యోగంలో చేరాక ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"అసలు అలలు వెయ్యమ్మా. దాచకు. వాయుగుండంలో ఎంతొస్తాయో అంతా వెయ్యి."

ఝాన్సీ వేసింది. బిగువు మోకు ఎర్రబడి తెగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు ఆ పన్నెండు మీటర్లు వేసి చూపించు."

మోకు కడుపు దించుకుని వేలాడింది. అల లేచినప్పుడు సాగి, దిగినప్పుడు మళ్ళీ జారింది. రంగు ఆకుపచ్చగానే ఉండిపోయింది. తెప్ప ఊగింది గానీ ఎక్కడికీ పోలేదు.

"ఇంకో పది మీటర్లు ఎక్కువ ఇస్తే?"

"ఎక్కువైతే తెప్ప అటూ ఇటూ తిరిగి కరెంటు కేబుల్ని తెంపేస్తుందండీ."

ఆయన కేబుల్ అన్న మాటను పట్టించుకోలేదు. "అయితే నువ్వెంతంటే అంతే. ఎక్కడ సంతకం పెట్టాలి?"

"సడలింపు అధికారం ప్రభుత్వానిది కదండీ," అంది ఝాన్సీ. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు, వెటకారం కూడా లేదు. నిజంగానే అడిగింది.

"నియమావళి మళ్ళీ చదివానమ్మా. అది మనుషులకే వర్తిస్తుంది. మోకు మనిషి కాదు." అలా అని ఫైలు మీద సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊదారు. మా సంస్థలో మనిషి కుర్చీలోంచి లేవకుండానే ఒక ఫైలు పాసవడం నేను అప్పుడే చూశాను.

రెండో మర ఈ నెలలో వెళ్ళింది. నియమావళి విభాగం నలుగురూ దాని మీదే ఉన్నారు. మీట ఎక్కడుందో కూడా వాళ్ళకి తెలియదు గనుక, పరీక్ష తప్పినవాళ్ళను సహాయకులుగా పంపమని భుజంగరావు గారే కబురు చేశారు. మా బావ బట్టలు సర్దుకుంటుంటే మా అక్క నాకు ఫోను చేసింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"ఆ పెద్దాయన కూడా మర మీదే ఉన్నాడటగా?"

"ఉన్నారక్కా. నెలంతా అక్కడే."

"అలాగైతే ఎల్లమను. గానీ ఆ పెద్దాయన ఒడ్డుకి దిగిన రోజున మీ బావ కూడా అదే పడవలో దిగిపోవాల. కాయితం మీద రాయించీ. నోటి మాట నాకొద్దు."

ఆ షరతును ఉత్తర్వులో చేర్చాను. అలాంటి షరతు చెల్లదని అభ్యంతరం చెప్పవలసింది నియమావళి విభాగం. ఇప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు, అందరూ సముద్రం మీద ఉన్నారు. ఉత్తర్వు ఆ సాయంత్రమే అమల్లోకి వచ్చింది.